కొత్త మోడల్ మీద మా నలుగురి మాట

పోర్టు ఆఫీసులో ఉద్యోగం వచ్చి నేను తాడేపల్లిగూడెం నుంచి విశాఖపట్నం చేరింది తొంభైల మొదట్లో. సీతమ్మధారలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. సంబంధాలు వస్తూ పోతూ ఉండగానే వయసు దాటిపోయింది, అంతే.

కొన్నేళ్ళు సిటీ బస్సులోనే ఆఫీసుకు తిరిగాను. ఒక రోజు బస్టాపులో నిలబడి ఉంటే తెల్ల కారు ఒకటి వచ్చి నా ముందు ఆగింది. మా సెక్షన్‌లో సీనియర్ ఒకాయన. పక్కన ఆయన భార్య.

"ఎక్కు సెల్లమ్మా. ఎనక సీటు ఖాళీగానే ఎల్తంది కదా" అన్నారాయన.

ఆయనది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆవిడ కంచరపాలెంలో టీచరు. ఇల్లు మా వీధి చివరే. ఆ రోజు నుంచీ ఆయన నాకు అన్నయ్యగారు, ఆవిడ వదిన. అక్కయ్యపాలెంలో మా ఆఫీసు అకౌంట్స్ సెక్షన్ ఆయన ఒకరు ఎక్కేవారు. ఆయనా మా అన్నయ్యగారూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు గానీ చుట్టరికం ఏమీ లేదు. నలుగురం. వదినని స్కూలు దగ్గర దింపి ముగ్గురం ఆఫీసుకు. సాయంత్రం మళ్ళీ అలాగే.

ఊళ్ళో కాస్త నిలదొక్కుకున్న ప్రతి సంసారమూ ఆ రోజుల్లో కొన్న కారు అది. గీసిన గీతల్లా తిన్నగా ఉండేది. పల్చటి హెడ్‌లైట్లు, బల్లపరుపు డిక్కీ. పోర్టులో సాయంత్రానికల్లా దాని మీద బొగ్గు పొడి, ఖనిజం ఎర్రదుమ్ము పేరుకుని ఉండేవి. అన్నయ్యగారు పసుపు గుడ్డతో అద్దాలు తుడిచేదాకా మేం ముగ్గురం పక్కన నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆఫీసులో నేను మాట్లాడేది తక్కువ. ఇంటికి వెళ్తే మాట్లాడటానికి మనిషి లేదు. నా రోజు మొత్తంలో మాటలన్నీ ఆ కారులోనే జరిగేవి.

తర్వాత కొన్నేళ్ళకి ఆ కారు రూపం మార్చేస్తున్నారని పేపర్లో ఫోటో పడింది. అకౌంట్స్ ఆయన ఆ పేపరు మడత పెట్టి పట్టుకొచ్చి, కారెక్కగానే ముందు సీటు వైపు చాచారు.

"సూడు బావా, నీ బండిని ఏటి సేసేసారో."

అన్నయ్యగారు కారు పక్కకు తీసి ఆపేశారు. ఫోటోని చాలాసేపు చూశారు.

"ఏటిది? ముందు పండుగప్ప సేప మూతి, ఎనకాల బస్తా ఎత్తుకున్న కళాసీ. ఈ రెంటికీ ఏటి సంబంధం?"

"ఫోటోలో అలాగుంటాది. ఎదురుగా సూస్తే గాని తెలీదు" అంది వదిన.

అలా మొదలైంది. నెల రోజుల పాటు రానూ పోనూ అదే మాట. డిక్కీ అంత ఎత్తుగా ఎందుకు, వెనక అద్దం అంత ఇరుకైతే రివర్సు ఎలా చెయ్యాలి, తలుపులకు ఉండే నల్ల పట్టీ ఎందుకు తీసేశారు. అకౌంట్స్ ఆయనకి ముందు భాగం నచ్చింది, వెనక నచ్చలేదు. వదినకి మొత్తం నచ్చింది. "కొత్త సీర కట్టుకున్నట్టుంది" అంది. అన్నయ్యగారికి ఏదీ నచ్చలేదు.

చివరికి ఒక ఆదివారం నలుగురం షోరూముకు వెళ్ళాం. కొనడానికి కాదు, తేల్చుకోవడానికి. అన్నయ్యగారు దాని చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. డిక్కీ దగ్గర వంగి చూశారు. షోరూము కుర్రాళ్ళు మేం కొనేవాళ్ళమే అనుకుని కూల్‌డ్రింకులు తెచ్చారు. తిరిగొస్తుంటే ఆయన అద్దంలోంచి నన్ను చూసి అడిగారు.

"అందరం మాటాడీసాం. నువ్వేటంటావు సెల్లమ్మా?"

"నాకు బాగుందండీ" అన్నాను. "ముఖ్యంగా వెనక వైపు."

వదినా అకౌంట్స్ ఆయనా పగలబడి నవ్వారు. అన్నయ్యగారు ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "నీ కళ్ళు ఓసారి సూపించుకో అమ్మా" అన్నారు. ఎవరైనా నా అభిప్రాయం మీద అలిగారంటే అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. వదిన కూడా ఉద్యోగం మానుకుంది. ఇద్దరూ సొంతూరికి వెళ్ళిపోయారు. అకౌంట్స్ ఆయన గాజువాకలో ఇల్లు కట్టుకుని అటు మారిపోయారు. నేను మళ్ళీ బస్టాపుకి వచ్చాను.

బస్సు కష్టమనిపించలేదు. అందులో కూడా మనుషులు ఉన్నారు, మాటలు ఉన్నాయి. కానీ ఎవరి మాటలు వాళ్ళవి. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కండక్టరుతో తప్ప నాకు పని లేదు. అలా ఏడాది గడిచాక, ఏ ధైర్యంతోనో గానీ, డ్రైవింగు స్కూల్లో చేరాను. నేర్చుకున్నాను. ఆ కొత్త రూపం కారే కొన్నాను.

షోరూములో కుర్రాడు మర్యాదగా అడిగాడు. "ఫ్యామిలీలో ఎంతమందండీ మేడమ్?"

"నలుగురం" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"అయితే ఇదే కరెక్టు మేడమ్" అన్నాడతను.

మొదటి వారం నా జీవితంలో ఎప్పుడూ లేనంత సందడి. ఆఫీసు పార్కింగులో కారు చుట్టూ జనం. సెక్షన్‌లో ఏళ్ళ తరబడి నాతో నాలుగు మాటలు మాట్లాడని వాళ్ళు కూడా వచ్చి బంపరు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "హెడ్‌లైట్లు అదిరాయి మేడమ్" అని ఒకరు. "పాతదే బాగుండేదండీ, దానికో హుందాతనం ఉండేది" అని ఇంకొకరు. "వెనక నుంచి చూస్తే వేరే కంపెనీ బండి అనుకుంటాం" అని మరొకరు. "ఒక్కరికి ఇంత కారెందుకండీ" అన్నవాళ్ళూ ఉన్నారు. దానికి నవ్వి ఊరుకున్నాను. మిగతా అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాను. డిక్కీ ఎందుకు ఎత్తుగా పెట్టారో, వెనక అద్దం ఇరుకైనా అలవాటైతే ఎలా సరిపోతుందో. అన్నయ్యగారితో వాదించాల్సినవన్నీ వాళ్ళతో వాదించాను.

వారం దాటాక ఎవరూ రాలేదు. అది అందరూ చూసేసిన కారైపోయింది. నా పాటికి నేను పొద్దున్న వచ్చి ఆపి, సాయంత్రం దుమ్ము తుడుచుకుని వెళ్ళిపోయేదాన్ని. అక్కయ్యపాలెం దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయేది. ఎవరూ ఎక్కరు కదా అని గుర్తొచ్చి మళ్ళీ ముందుకు.

ఒకసారి వానలో మా వీధి బస్టాపు దగ్గర ఒకావిడ తడుస్తూ కనిపిస్తే ఆపాను. ఆవిడ కాసేపు సందేహించి, వెనక తలుపు తీసుకుని ఎక్కింది. ముందుకు రమ్మన్నాను. "పర్లేదండీ, తడి" అంది. కంచరపాలెం దాకా ఒళ్ళో సంచీ పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. దిగేటప్పుడు ఎంతివ్వమంటారని అడిగింది. ఆ తర్వాత ఎవరికోసమూ ఆపలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి చీపురుపల్లి దారి పట్టాను. ముందుగా ఫోను చెయ్యలేదు. ఊరి మొదట్లో అడిగితే ఇల్లు చూపించారు. హారను విని అన్నయ్యగారు లుంగీ మీదే బయటికొచ్చారు. బాగా చిక్కిపోయారు. అరుగు మీంచి దిగకుండా ముందు కారుకేసి చూశారు, తర్వాత నాకేసి.

"కొనీసావా!" అన్నారు. "ఇదే కొన్నావా!"

వెనకాలే వచ్చిన వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఈయన బండి అమ్మీసారు. మోకాళ్ళు ఒప్పుకోట్లేదు. అమ్మిన కాణ్ణించి ఇంట్లో మాట లేదు, పలుకు లేదు. టీవీ ఎదురుగుండా కూకుని ఉంటన్నారు."

ఆయన మా మాటలు వినడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నారు. డిక్కీ దగ్గర ఆగారు.

"ఇక్కడ నీరు నిల్సిపోతాది సూడు. కొన్నాళ్ళకి తుప్పు. నాను ఆ రోజే సెప్పాను."

"ఎక్కడా నిలవలేదండీ. రెండు వానాకాలాలు చూశాను."

"అద్దం ఇంతే ఉంటే ఎనకాల వచ్చేవోడు ఎలా కనపడతాడు?"

"పక్క అద్దాలు పెద్దవి పెట్టారు కదండీ."

"అంటే తప్పు సేసి సర్దుకున్నారన్నమాట!"

వదిన నవ్వడం మొదలెట్టింది. ఆయన మొహంలో రంగు మారింది. తాళం చెవి కోసం చెయ్యి చాచారు. మోకాళ్ళ సంగతి గుర్తుచేస్తే, "క్లచ్చు నాకు నేర్పుతావేటి" అన్నారు. వదిన ముందు ఎక్కింది. నేను వెనక ఎడమ వైపు కూర్చున్నాను. జీడితోటల పక్కన మట్టిరోడ్డు మీద అలా పోయి వచ్చాం. ఆయన తిట్టుకుంటూనే నడిపారు. గేరు మెత్తగా పడుతోందని ఒక్కసారి అన్నారు, వెంటనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నేను ముందుకు వంగి రెండు సీట్ల మధ్య తల పెట్టి దారంతా వాదించాను.

మధ్యాహ్నం భోజనం పెట్టి పంపించారు. విజయనగరం దాటేదాకా బాగానే ఉన్నాను. ఆ తర్వాత రోడ్డు పక్కన ఆపి కాసేపు ఏడ్చాను. ఎవరి మీదా కోపం లేదు. ఊరికే.

నెలకోసారి వెళ్ళాలనుకున్నాను. రెండు మూడు సార్లు వెళ్ళాను. తర్వాత వాళ్ళు రాయపూర్‌లో కూతురి దగ్గరికి చేరారు. ఫోన్లు మిగిలాయి, అవీ పలచబడ్డాయి.

ఇంకొన్నేళ్ళకి కంపెనీ ఆ కారు రూపం మళ్ళీ మార్చింది. ఆశీల్‌మెట్ట దగ్గర సిగ్నలులో నా ముందు ఆగిన బండిని చూసి గుర్తుపట్టలేకపోయాను. ఇంటికి రాగానే రాయపూర్‌కి ఫోను చేశాను. ఏమేం మార్చారో గబగబా చెప్పుకుపోయాను. ఆయన అంతా విన్నారు.

"ఏటో సెల్లమ్మా" అన్నారు చివరికి. "ఇప్పుడు నాకు అన్ని కార్లూ ఒక్కలాగే కనపడతన్నాయి. ఒంట్లో ఎలాగుంది నీకు?"

బాగానే ఉందన్నాను. వదిన ఫోను తీసుకుని, అక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయనీ చేప దొరకడం కష్టమనీ చెప్పింది.

ఆ కొత్త రూపం మీద నా మాట ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తాను. దీపాలు మరీ పైకి లాగేశారు. ముందు భాగం నవ్వడానికి ప్రయత్నిస్తున్న మనిషిలా ఉంది. డిక్కీ కిందికి దించారు గానీ, దించినట్టు తెలుస్తోంది. తలుపు గీత మాత్రం బాగుంది. చక్రం పైనుంచి వెనకదాకా ఒక్క గీత, ఎక్కడా తెగకుండా. అది గీసినవాడెవరో పని తెలిసినవాడు. వెనక అద్దం ఇంకా ఇరుకే.