పాళీ రుద్దిన మునిరత్నమ్మ

చిత్తూరు కోర్టు వీధిలో గంగులప్ప పెన్నుల అంగడి ఎక్కడని అడిగితే సోడా బండివాడు కూడా చూపిస్తాడు. ఆ పెన్నులు అంత బాగా రాసేలా చేసేది ఎవరని అడిగితే మాత్రం వాడూ గంగులప్ప పేరే చెబుతాడు. తగాదా అంతా అక్కడే.

గంగులప్పది తక్కువ పనేమీ కాదు. ఎబొనైటు అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మిషనుకు బిగించి, ఉలితో చెక్కి, మూతకు మర తీసి, నూనె గుడ్డతో మెరుపు తెస్తాడు. చేతిలోకి తీసుకుంటే పిల్లిపిల్ల వీపులా నున్నగా, వెచ్చగా ఉంటుంది. కాకపోతే అంతవరకూ అది ఉత్త కడ్డీ. వీపు గోక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. దానికి పాళీ తగిలించి, ఆ పాళీ కొనలో ఉండే రెండు రెక్కలనూ సరిచేసి, కొనేవాళ్ళు రాసే తీరును బట్టి రుద్దేది అతని పెండ్లాం మునిరత్నమ్మ. నలభై ఏండ్లుగా ఆమే రుద్దుతోంది. మెప్పు మాత్రం మొగుడు తింటున్నాడు.

ఆమె పుట్టిల్లు నగరి. మగ్గాల ఇల్లు. మూడో తరగతి అయ్యాక మగ్గం కాడ చేతులు చాలక ఇంట్లో వాళ్ళు బడి మాన్పించారు. ఆ మాట ఎవరితోనూ అనదు. చదువు తనకు నచ్చలేదు కాబట్టి తానే వదిలేశానంటుంది. తెగిన పోగులు అతికే పని ఆమెది. పట్టు పోగు మీద ముడి ఎక్కడుందో కండ్లు మూసుకుని వేలితో చెప్పేది. అలాంటి వేళ్ళు పెండ్లయి చిత్తూరికొచ్చి అన్నం వార్చుకుంటూ కూర్చున్నాయి.

ఆ రోజుల్లో దస్తావేజులు రాసే రైటర్లందరూ గంగులప్ప పెన్నులే కొనేవాళ్ళు. పాళీ గీరుకుంటోందని ఎవరైనా తెస్తే, అతను పట్టకారుతో నొక్కి, ఉన్నదాన్ని ఇంకాస్త వంకర చేసి, "రాస్తా ఉంటే అదే దారికొస్తుందప్పా" అని పంపేసేవాడు. ఒకరోజు మునిరామయ్య అనే రైటరు, దారికి రాని పెన్ను పట్టుకుని మూడోసారి వచ్చాడు. గంగులప్ప టీ తాగను పోయి ఉన్నాడు. మునిరత్నమ్మ ఆ పాళీని తన ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒకసారి గీసి చూసింది.

"ఒక రెక్క పైకి లేసుండాది. దీంతో రాస్తే కాయితం చినగక ఏం జేస్తుంది?" అంది. బ్లేడు ముక్కతో రెక్కల మధ్య సందు సవరించి, సన్నటి ఉప్పు కాగితం తడిపి నాలుగు సుట్లు రుద్ది ఇచ్చింది. మునిరామయ్య రాసి చూసుకుని, మర్నాడు ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ గంగులప్పను మెచ్చుకున్నారు. గంగులప్ప కాదనలేదు.

పాళీ రుద్దేముందు కొనేవాళ్ళ చేత ఆమె ఏదైనా రాయిస్తుంది. సంతకం మాత్రం పెట్టనివ్వదు. సంతకం పెట్టేటప్పుడు ప్రతివాడూ కలెక్టరు అయిపోతాడనీ, చేయి నిజం చెప్పదనీ ఆమె లెక్క. అందుకే సరుకుల చీటీ రాయమంటుంది. చింతపండు అరకిలో అని రాసేటప్పుడు ఎవడూ వయ్యారాలు పోడు. చెయ్యి ఎంత వాలుతుందో, ఎంత అదుముతుందో అప్పుడు కనిపెడుతుంది.

ఈ మధ్య రైటర్లంతా కంప్యూటర్లకు మారిపోయారు. వాళ్ళ బదులు బెంగుళూరు, మద్రాసు నుంచి పెన్నులు పోగుచేసే జనం రావడం మొదలైంది. ఒక్కొక్కరి దగ్గర నూరు, నూటయాభై పెన్నులుంటాయి. దేంతోనూ ఉత్తరం ముక్క రాయరు. మంచి నోటుబుక్కు తీసి, ఆ పెన్ను పేరు, ఇంకు పేరు, తేదీ రాసి, ఫొటో తీసి, మూత పెట్టేస్తారు. ఆమెకు ఇది బొత్తిగా అర్థం కాదు. వంట చేసి, గిన్నె మీద కూర పేరు రాసి, తినకుండా మూత పెట్టినట్టు ఉంటుందామెకు.

అలాంటివాళ్ళలో గిరి ఒకడు. సొంతూరు పలమనేరు, ఉద్యోగం బెంగుళూరు. వాళ్ళ గుంపు కోసం పచ్చా నలుపూ కలిసిన ఎబొనైటుతో ఇరవై అయిదు పెన్నులు చేయమన్నాడు. మొదటిది చూసి, నచ్చితే మిగతావి. ఒక్క షరతు పెట్టాడు. మొదటిది నచ్చాక, ప్రతి పెన్ను మీదా చేసినవాళ్ళ పేరు తెలుగులో చెక్కాలి.

గంగులప్ప వారంపాటు తన పేరు రకరకాలుగా రాసుకుని చూసుకున్నాడు. మునిరత్నమ్మ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు అడిగింది.

"నా పేరు యాడేస్తావు?"

"నీ పేరెందుకే?"

"పాళీ నేను రుద్దితినే."

"పాళీ కంపెనీ వాడు చేసి పంపినాడు. నువ్వు రుద్దినావు, అంతే. బట్టలుతికినోళ్ళ పేరు చొక్కా మీద రాస్తారా యాడన్నా?"

ఆమె నోరెత్తలేదు. నలభై ఏండ్లలో అతని మాటకు ఆమె జవాబివ్వకపోవడం అదే మొదలు. గంగులప్ప అది ఒప్పుకోవడం అనుకుని సంతోషంగా అన్నం తిన్నాడు. ఆమె మాత్రం ఆ ఇరవై అయిదింటి మీదా తన పేరుండాలని, లేకపోతే రెండో పాళీ ముట్టేది లేదని తీర్మానం చేసుకుంది. మొదటిది మాత్రం ఎన్నడూ లేనంత బాగా రుద్దింది.

మర్నాడు శుక్రవారం. గంగులప్పకు భక్తి పొంగింది. పెన్నును కొత్త తువ్వాలులో చుట్టి, బస్సెక్కి తిరుచానూరు పోయాడు. అమ్మవారికి పాళీ కనబడాలి కదా అని మూత తీసి మరీ పళ్ళెంలో పెట్టాడు. పూజారి దోసెడు కుంకుమ చల్లి ఇచ్చాడు. దాన్ని తుడిస్తే పాపమని, అలాగే మూత బిగించి, జేబులో పెట్టుకుని తెచ్చాడు.

శనివారం గిరి దిగాడు. గంగులప్ప ఉతికిన చొక్కా వేసుకుని, పెన్నులో ఇంకు నింపి, రెండు చేతులతో అందించాడు. గిరి నోటుబుక్కు తెరిచి పాళీ ఆనించాడు. ఏమీ పడలేదు. విదిలించాడు. పేజీ మధ్యలో ఎర్రటి ముద్ద ఒకటి పడి, దాని వెనకాల నీలం కారింది.

గంగులప్ప మొహం మాడిపోయింది. "అది... పాళీ రుద్దింది మా ఇంటిది సార్. ఈ మధ్య దానికి కండ్లు సరిగా ఆనడం లే."

గిరి తల ఎత్తాడు. "పాళీలన్నీ మీరే చేస్తారని పోయినసారి చెప్పినారు కదా గంగులప్పా."

గంగులప్ప గోడ మీద క్యాలెండరు చూశాడు.

"ఇట్లియ్యి నాయనా" అని మునిరత్నమ్మ పెన్ను తీసుకుంది. పాళీనీ, దాని కింద ఇంకు దించే నల్లటి నాలుకనీ ఊడబెరికి గ్లాసు నీళ్ళలో వేసింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. నాలుక మీది సన్నటి గాడిలో కుంకుమ అట్ట కట్టి ఉంది. బ్రష్షుతో తోముతూ మొగుడి వైపు చూడకుండానే అడిగింది.

"ఇదేందయ్యా?"

"అమ్మవారి కుంకుమ. శుభమని."

"శుభం నుదుటికి పెట్టుకో. గొంతులోకి కుక్కితే అమ్మవారికి కూడా ఊపిరాడదు."

గిరి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఆమె పాళీ మళ్ళీ బిగించి, గోటి మీద గీసి, వాడి ముందు చిత్తుకాగితం పెట్టింది. "సరుకుల చీటీ రాయి."

"ఏం సరుకులమ్మా?"

"మీ ఇంట్లో ఏం తింటారో అవి."

నూట నలభై పెన్నులున్న మనిషి ఇంట్లో ఏమేం నిండుకున్నాయో తెలియక చాలాసేపు బిక్కమొహం వేశాడు. చివరికి ఉప్పు, కందిపప్పు, ఎండుమిరపకాయలు అని రాశాడు. ఆమె వాడి చేతినే చూసింది. "అక్షరం కిందికొచ్చేసరికి అదుముతావు నువ్వు" అని పాళీ తీసుకుని, కొనను ఒక పక్కకు ఆరేడు సుట్లు రుద్ది ఇచ్చింది. ఈసారి వాడు ఆపకుండా రాసుకుంటూ పోయాడు. బెల్లం, పెసలు, గసగసాలు, ఇంట్లో ఎప్పుడూ కొనని సగ్గుబియ్యం కూడా రాశాడు.

"పేరెవరిది చెక్కాల?" అన్నాడు తల ఎత్తకుండానే.

గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. మునిరత్నమ్మ అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు. "నాది. లేకపోతే ఇదొక్కటే తీసకపో. మిగిలిన ఇరవై నాలుగూ మా ఆయన్నే రుద్దమను."

గిరి తాను రాసిన చీటీని చూసుకున్నాడు. గంగులప్ప వైపు చూశాడు. "ఆమె పేరే చెక్కండి" అన్నాడు.

చెక్కే సూది గంగులప్ప తీయబోతే ఆమె లాక్కుంది. తన పేరు తనకు రాయడం వచ్చు, ఇంకొకరు రాసేదేంది. పెన్నును ఒళ్ళో అదిమి పట్టుకుని, నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం గీసింది. 'ము' పెద్దదయింది, చివరి 'మ్మ' సందు చాలక మూత అంచుకు నక్కింది. గిరి దాన్ని ఫొటో తీసి గుంపుకు పంపాడు. అరగంటలో జవాబులొచ్చాయి. అందరికీ ఆ వంకర అక్షరాలే కావాలంట, అచ్చు అలాగే.

సోమవారం పొద్దున లేత్ మిషను మొదలైంది. గంగులప్ప చెక్కి ఇచ్చిన పెన్నులు ఒకటొకటీ ఆమె దగ్గరికొచ్చాయి. పాళీ అయ్యాక పేరు గీసి, తెల్లరంగు నింపమని అతనికే తిరిగి ఇచ్చింది. అతను కండ్లద్దాలు పెట్టుకుని గీతల్లో రంగు పోస్తూ గొణిగాడు.

"ఈ 'రత్న'లో ఒత్తు తప్పినావు గదే."

"ఎట్లుంటే అట్లే నింపు" అంది మునిరత్నమ్మ. "రంగు బయటికి పోతే మాత్రం ఊరుకోను."