వంగని జీతగాడు

జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా పేరున్న ఆ నాటకాల సారును చెవిమీద పెన్సిలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నటులు ఒక్కొక్కరే దుబాయి పోతుంటే, మిగిలినవాళ్లకు సరిపోయేట్టు నాటకం తిరగరాసేవాడు.

సిరిసిల్లలో ఆట రోజే, దొర ముందు వంగి దండం పెట్టే జీతగాడి వేషగాడు విమానమెక్కాడు. రిహార్సల్స్ మా తాతలు దొరతనం చేసిన, ఇప్పుడు కూలిన గడీలోనే జరిగేవి కనుక మాటలన్నీ నాకొచ్చు.

"దొరా, జీతగాని వేషం నువ్వే కట్టాలె. లేకుంటే ఆట బంద్," అన్నాడు సారు.

కట్టాను. దొర వేషంలో ఉన్నది మా గడీకి కల్లు పోసినవాళ్ల మనవడు. అతని ముందు నా నడుం వంగనంది.

"వంగవేందిరా?" నాటకంలో లేని మాటతో గద్దించాడతడు.

"వంగ! ఏంజేస్తవ్?"

హాలంతా లేచి ఈలలేసింది. తెరపక్కన సారు పెన్సిలు తీసి గబగబా రాస్తున్నాడు. ఆ తర్వాత కోరుట్లలో ఆడినా, ఎక్కడ ఆడినా, ఆ జీతగాడు వంగలేదు.