అన్నయ్య పాదాలకు గోనెపట్టీ

పోయిన వారం మోకాళ్ళు చూపించుకోవడానికి విజయనగరంలో ఒక ఆసుపత్రికి వెళ్ళి, చీటీ రాయించుకుని వరండాలో కూర్చున్నాను. నా ఎదురుగా చక్రాల కుర్చీలో నా వయసు పెద్దాయన ఒకరు, ఆయన వెనక ఫోనులో ఎవరికో దారి చెబుతూ కూతురు కాబోలు ఒక అమ్మాయి. ఆయన ఎడమపాదం కుర్చీకి కింద ఉండే రేకు మీంచి జారిపోయి వేళ్ళు నేలకి తగులుతున్నాయి. ఆ పిల్ల అది చూసుకోకుండా మాట్లాడుతూనే కుర్చీని ముందుకు తోసింది. నా నొప్పుల సంగతి మరిచిపోయి లేచి, కుర్చీ పట్టుకుని ఆపి, మూలుగుతూనే వంగి ఆ పాదాన్ని రేకు మీద పెట్టి, ఆ పిల్లకి నాలుగు చీవాట్లు పెట్టాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళని అలా అనకూడదు, నిజమే. కానీ జారిన పాదాన్ని చూస్తే నేను ఊరుకోలేను. ఎందుకు ఊరుకోలేనో చెప్పాలంటే పంతొమ్మిది వందల అరవైల చివర ఆమదాలవలసలో మా ఇంటికి వెళ్ళాలి.

మాది గోనెసంచుల ఇల్లు. మా నాన్న మిల్లుల దగ్గర చిరిగిన సంచులు కొని తెస్తే, ఇంటిల్లిపాదీ వాటికి మాసికలు వేసి, ధాన్యం రోజులు వచ్చేసరికి మళ్ళీ ఆ మిల్లులకే ఇచ్చేవాళ్ళం. మన వయసు వాళ్ళకి దబ్బనం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, జానెడు పొడుగు సూది, అది చేతిలో ఉంటే పులిని చూసి కూడా భయపడక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళకే ఆ పనిలో నాది మంచి చెయ్యి అని పేరు. నేను కుట్టిన సంచీ ఇంకోచోట చిరగాలే గాని నా కుట్టు దగ్గర వీడేది కాదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, ఈ వయసులో నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద, రైలుగేటుకి అవతల బడిలో మేష్టారు. ఒక ఏడాది కోతలప్పుడు నరసన్నపేట దగ్గర మా మేనమామ గారి కళ్ళంలో వరికుప్ప మీద నిలబడి పనలు అందుకుంటూ, కాలు జారి వెల్లకిలా పడ్డాడు. విశాఖపట్నంలో నెలల తరబడి ఉంచి ప్రాణం నిలబెట్టారు గాని నడుం కిందనుంచి కదలిక పోయింది, స్పర్శ పోయింది. అక్కణ్ణించి ఒక చక్రాల కుర్చీతో రైలు దిగాడు. దాన్ని చూడటానికి మా వీధి వీధంతా స్టేషనుకి వచ్చింది. ఇనప గొట్టాలు, కేన్వాసు గుడ్డ, వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్నవి, పాదాలు పెట్టుకోవడానికి రెండు రేకులు. ఆ రేకుల మీద పాదాలు ఎలా ఆగుతాయన్నది ఆ కుర్చీ చేసినవాడు ఆలోచించినట్టు లేదు.

అన్నయ్యకి సెలవు వేసవితో ఆఖరు. హెడ్మాష్టరు గారు మంచివారు. ఇంటికి వచ్చి, నువ్వు నిలబడి చెప్పినా కూర్చుని చెప్పినా నాకు ఒకటే, కాని బడి తెరిచిన రోజునుంచీ రోజూ రావాలి, రాలేకపోతే పనికి తగడని పైవాళ్ళు రాసేస్తారు, నా చేతిలో ఉండదు అని ఉన్నమాట చెప్పేసి వెళ్ళారు. అన్నయ్యకి పిల్లలకి లెక్కలు చెప్పడం తప్ప ఇంకో పని రాదు, వచ్చినా చెయ్యడు.

అలవాటు కోసం ఎండలు ముదరకముందే ఒకరోజు కుర్చీ తోసుకుంటూ బయల్దేరాను. గేటు దగ్గరికి వచ్చేసరికి బండి వచ్చే వేళయింది, తలుపులు వేసేస్తారని గబగబా పట్టాలు దాటించేశాను. అన్నయ్య తన క్లాసులో ఒక గడుగ్గాయి ఎక్కాలు అప్పజెప్పిన తీరు చెబుతున్నాడు, నేను నవ్వుతున్నాను. వెనకాల ఎండుచేపల తట్టతో వస్తున్న ఆవిడ కేకేసింది.

“ఓలమ్మ, ఆగమ్మా. మేస్టారి కాలు సూడు, నెత్తురోడతన్నాది.”

కుడిపాదం ఎప్పుడు జారిందో ఏమో, మడమ కంకర మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అన్నయ్య వంగి, ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇలాంటిది మరొక్కటి అయితే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చాక అన్నయ్య అన్నది ఒక్కటే మాట, ఇంక నన్ను గుమ్మం దాటించకు అని.

దాటించక ఏం చేస్తాను? నాకు మొండితనం అప్పటినుంచే ఉంది. పుండు మానిన మర్నాడే ఒక తువ్వాలు తెచ్చి, రెండు పాదాలూ దగ్గరగా జోడించి, కింద గొట్టానికి కలిపి గట్టిగా ముడివేశాను. బాగా కుదిరిందని మురిసిపోతూ ఉండగా పెరట్లోంచి అమ్మ వచ్చింది. చూసిందో లేదో చేతిలో చెంబు అక్కడే పడేసి, వచ్చి ఆ ముడి పళ్ళతో విప్పింది.

“ఏటే నువ్వు సేసిన పని? బతికున్నోడికి కాళ్ళు జోడించి కడతావేటే?”

అప్పటికి గాని నాకు తట్టలేదు. పోయినవాళ్ళకి కాలి బొటనవేళ్ళు జోడించి కట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నేను అమాయకంగా మా అన్నయ్యకి ఆ పనే చేశాను. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నయ్య మాత్రం, నాకెలాగూ తెలియదు కదమ్మా, దాన్ని కట్టుకోనీ అన్నాడు.

తరవాత సైకిలు ట్యూబు కోసి ఏ పాదానికి ఆ పాదం విడిగా చుట్టాను. అంగుళం కదిలితే ఒట్టు. సాయంత్రం విప్పి చూస్తే చర్మం మీద వేలు పట్టేంత లోతున ఎర్రటి గాడి. స్పర్శ ఉన్నవాడైతే పది నిమిషాలకే అబ్బా అనేవాడు, అన్నయ్య పొద్దున్నుంచీ పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. గేటు దగ్గర దెబ్బ రాయి చేసింది, ఇది నా చెయ్యి చేసింది. నాకు నిజంగా భయం వేసింది, దబ్బనం కూడా రెండు రోజులు ముట్టుకోలేదు.

మూడోనాడు సంచులు అప్పజెప్పడానికి మిల్లుకి వెళ్ళినప్పుడు బండికి బస్తాలు ఎత్తుతున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న పనే, ఆ రోజే కళ్ళకి ఆనింది. వాళ్ళు బస్తాని కట్టరు. బస్తా ఎటు జారుతుందో చూసుకుని అటు అడ్డం కడతారు. పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, అన్నయ్యని మంచం మీదికి మార్చి, ఆ కుర్చీలో నేను కూర్చుని కాళ్ళు సడలించి, నన్ను తొయ్యమ్మా అన్నాను. నిక్షేపంలాంటి ఆడపిల్ల అందులో కూర్చోకూడదని అమ్మ తిడుతూనే తోసింది. పాదాలు ముందుకి పోవు, పక్కకి పోవు. ఎన్నిసార్లు కుదిపినా ముందు మడమ, దాని వెంటే పాదం, రేకుకీ చిన్న చక్రానికీ మధ్య సందులోకే జారుతున్నాయి.

ఇంకేం కావాలి? మంచి గోనెగుడ్డ ఏరి, నాలుగు మడతలు వేసి, అరచెయ్యంత వెడల్పు పట్టీ కుట్టి, ఈ గొట్టంనుంచి ఆ గొట్టానికి పిక్కల వెనకగా అడ్డం కట్టాను. ఒక్కో రేకు వెనక అంచుకి మడమ కూర్చునేలా చిన్న గోనె తొట్టి లాంటిది కుట్టాను. పాదం ఎగిరిపడకుండా పైన విడివిడిగా ఒక్కో మెత్తటి పేలిక, దానికి కోటు గుండీ. అమ్మ అన్నీ తడిమి చూసింది, గోనె ఒరుసుకుంటుందని తన పాత నేతచీర చింపి లోపల వేయించింది.

“కుర్సీకి ఎంత గట్టిగానైనా కట్టుకో. నా కొడుకుని మాత్రం కట్టకు. ఆ పేలిక కింద నా సిటికినేలు దూరాల.”

అన్నయ్యని ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. పెరట్లో రెండు రోకళ్ళు పట్టాల్లా పడుకోబెట్టి, వాటి మీంచి కుర్చీని దాటించడం మొదలుపెట్టాను. మొదటిసారి కళ్ళు మూసుకున్నాడు. నాలుగోసారికి వంగి పాదాలు చూసుకున్నాడు. పదోసారికి ఎన్నిసార్లయిందో తనే లెక్క చెప్పాడు. నా చేతులు పడిపోయి నేను ఆగిపోతే, “ఇంకోపాలి తొయ్యే” అన్నాడు. ఆ మాట కోసం నేను ఆ పెరడంతా దున్నమన్నా దున్నేదాన్ని.

బడి తెరిచిన రోజు అమ్మ చిటికెన వేలు దూర్చి చూసి పంపించింది. గేటు దగ్గర కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దాటేలా, నేను వెనక్కి నడుస్తూ లాగాను. కుర్చీ ఎగిరి పడింది, రేకులు గలగలమన్నాయి, గేటు మనిషి గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. పాదాలు పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి. హెడ్మాష్టరు గారు రిజిష్టరు తెచ్చి ఒళ్ళో పెట్టారు. అన్నయ్య సంతకం పెడుతుంటే నేను బడి వెనక్కి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను.

ఆ తరవాత రెండేళ్ళు, నాకు విజయనగరం సంబంధం కుదిరేవరకూ, ఆ కుర్చీ నేనే తోశాను. నేను అత్తవారింటికి వచ్చాక బడి పిల్లలే వంతులు వేసుకుని తోశారట. పట్టీలు మాత్రం ఏడాదికోసారి నేనే కుట్టి పంపేదాన్ని. అన్నయ్య రిటైరయ్యేవరకూ లెక్కలే చెప్పాడు, రెండు పాదాలతోనే పోయాడు. ఈ రోజుల్లో కుర్చీలతోపాటే పట్టీలు, మడమ బిళ్ళలు అన్నీ వస్తున్నాయి, ఒక్క క్షణంలో అతుక్కుంటాయి. మంచిదే, అవి అప్పుడే ఉంటే మా అన్నయ్యకి ఆ పుండు పడేది కాదు. ఎవరూ ఎవరి కాళ్ళ దగ్గరా అంతసేపు వంగక్కర్లేదు.

నేను మాత్రం రెండేళ్ళు రోజూ పొద్దున్నే వంగాను. గుండీలు పెట్టడం పూర్తయ్యేసరికి అన్నయ్య నా తల మీద చెయ్యి వేసేవాడు. సర్దుకుని కూర్చోవడానికి ఆసరా కోసం వేస్తున్నాడనుకునేదాన్ని, నా జడ పాడు చేస్తున్నావని విసుక్కునేదాన్ని కూడా. ఆసరాకి ఆ కుర్చీకి రెండు చేతులు ఉండనే ఉన్నాయి. ఇప్పుడు మా వైపు అందరిలోకీ నేనే పెద్దదాన్ని. మనవలు వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెడితే వాళ్ళ తలల మీద చెయ్యి వేస్తాను. నా తల మీద చెయ్యి వేసేవాళ్ళే ఎవరూ లేరు.