మావయ్యగారి నాలుగో బటన్

క్యాన్సరని మావయ్యగారి గొంతు తీసేశారు. చేతులు వణుకుతాయి కాబట్టి పలక ఇచ్చినా రాయలేరు. అమలాపురంలో పిల్లలకు సి ప్రోగ్రామింగ్ చెప్పే కోడల్ని, నేనూరుకుంటానా? అగ్గిపెట్టెంత తెర, నాలుగు పెద్ద బటన్లు కొనుక్కొచ్చి, అల్లవరంలో ఆయన మంచం పక్కన బిగించాను. బటన్ నొక్కితే మాట కనబడాలి.

ఆ తెరకు తెలుగు రాదు. చుక్క వెలిగించడం, ఆర్పడం, అంతే దానికొచ్చు. గళ్ల కాగితం మీద అక్షరం గీసుకుని, ఏ వరసలో ఏ చుక్క వెలగాలో ప్రోగ్రాంలో రాయాలి. వరసల లెక్క పైనుంచి కిందికి. నేను పరాకుగా కిందినుంచి పైకి రాసేశాను. "నీళ్లు" కాస్తా శీర్షాసనం వేసింది. మావయ్యగారు చప్పుడు లేకుండా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

నీళ్లు, నొప్పి, ఫ్యాను. నాలుగో బటన్ ఖాళీ. ఆయన రోజూ దాన్నే తట్టేవారు. పెరుగా? రేడియోనా? కాదని తల ఊపేవారు. చివరికి విసుగొచ్చి, "మరేం కావాలండీ మావయ్యగారూ!" అని గట్టిగానే అనేశాను. ఆ కేకకు అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చారు. ఆయన ఆవిడ వైపు చెయ్యి చూపి, మళ్లీ బటన్ తట్టారు.

"నన్ను పిలవడానికేమోనమ్మా. 'ఇదుగో' అంటారు కదా, అది పెట్టు."

పెళ్లయినప్పట్నుంచీ ఆవిడకు ఆ ఇంట్లో అదే పేరు. పెట్టాను. మోత వచ్చేలా బజర్ కూడా పెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"కుక్కరు కూతలాగానా? వద్దమ్మా. నేనెదురుగానే కూచుంటాను."

అన్నట్టే కూర్చున్నారు. బియ్యం ఏరుతున్నా, కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తున్నా, చూపు తెర మీదే.

ఒక మధ్యాహ్నం జావ కాచడానికి లోపలికి వెళ్లారు. కాసేపటికి గ్లాసు పడిన చప్పుడైతే పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాను. మంచం దగ్గర అత్తయ్యగారు, ఆవిడ కాళ్ల దగ్గర ఒలికిన జావ. మావయ్యగారు పోయారు. తెర మీద "ఇదుగో" వెలుగుతూనే ఉంది. మరో బటన్ నొక్కేదాకా మాట చెరిగిపోకుండా రాసింది నేనే.

అత్తయ్యగారు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఎంతసేపట్నించి పిలుస్తున్నారమ్మా? నువ్వు చేసిందే కదా, అది చెబుతుందా?" అన్నారు.

చెప్పదు. ఏ చుక్క వెలగాలో రాశాను గాని, ఎప్పుడు వెలిగిందో గుర్తుంచుకోమని రాయలేదు.

"చెబుతుందండీ," అని తెర మీదికి వంగి చూశాను. "ఇప్పుడేనండీ. మీరొస్తున్న అలికిడి విని నొక్కేరు."

"ఆయ్," అన్నారు అత్తయ్యగారు, ఆయన కళ్లు మూస్తూ.