ఆదివారం ఆడని జట్టు

లోర్నా ప్రూయెట్‌ని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. మా ఇండియానా ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పంతొమ్మిదేళ్ళుగా మా రేడియోలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు జోస్యమూ చెబుతోంది. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి కమిటీ అరవై ఎనిమిది జట్లను ప్రకటిస్తుంది. ఎవరెవరు వస్తారు, ఎవరిది ఎన్నో సీడ్, ఏ ఊళ్ళో ఆట, ఇవన్నీ అంతకుముందే చెప్పాలి. సీడ్ అంటే బలాన్ని బట్టి ఇచ్చే మెట్టు; ఒకటి అన్నిటికన్నా పైన, ఒక్కో మెట్టులో కనీసం నాలుగు జట్లు.

నిరుడు మా ఊరి కార్విన్ కాలేజీని ఒక మెట్టు పైన వేసి పొరబడింది. రేడియో మేనేజరు గోర్డీ మొహం మీదే అనేశాడు.

"సొంతూరి పిచ్చితో ఇంకోసారి తప్పారంటే మైకు మా మేనల్లుడికే. వాడికి లెక్కలు రాకపోయినా గొంతు బావుంటుంది."

ఈసారి ఐదూ నలభై ఎనిమిదికి జాబితా పూర్తయింది. నేను పక్కనే మైకులు సరిచూస్తున్నాను. ఆవిడ భర్త వెండెల్ పాప్‌కార్న్ నములుతూ తొంగిచూశాడు.

"ఆ న్యూ కెనాన్ చర్చి కాలేజీ వాళ్ళు ఆదివారం ఆడరు కదే?"

లోర్నా చెయ్యి ఆగిపోయింది. వాళ్ళకి ఆరో సీడ్ ఇచ్చి, శుక్రవారం, ఆదివారం ఆటలుండే ఊళ్ళో వేసింది. గురువారం, శనివారం ఆడే ఊళ్ళలో ఆరో సీడ్ ఖాళీ లేదు. ఏడుకి దించాలి. దించితే ఏడులో ముందున్న జట్టు ఆరుకెక్కుతుంది. ఆ జట్టు కార్విన్.

"పది నిమిషాలే ఉన్నాయి లోర్నా గారూ," అన్నాను.

"వాళ్ళని ఐదుకెక్కించెయ్. కార్విన్ జోలికి పోకు," అన్నాడు వెండెల్.

"కమిటీ ఎక్కించదు, దించుతుంది."

"అది గోర్డీకి తెలీదుగా."

"బంతి గుండ్రంగా ఉంటుందని గోర్డీకి చెప్పింది కూడా నేనే."

ఐదూ యాభై తొమ్మిదికి జాబితాని ప్రసారానికి పంపేసింది. న్యూ కెనాన్ ఏడు, కార్విన్ ఆరు.

ఆరుంబావుకి టీవీలో న్యూ కెనాన్ పేరు వచ్చింది. ఏడు. నేను కుర్చీలోంచి లేచాను. లోర్నా లేవలేదు. కార్విన్ ఇంకా రాలేదు. మరో పది నిమిషాలు. కార్విన్, ఏడు. ఆరో సీడ్ వేరే జట్టుకిచ్చారు.

గోర్డీ తలుపు దగ్గర్నుంచే అన్నాడు, "మళ్ళీ కార్వినేనా? సోమవారం స్టూడియో తాళాలు ఇచ్చెయ్యండి."

ఐదుకెక్కించి ఉంటే న్యూ కెనాన్ తప్పేది, కార్విన్ కుదిరేది, మైకు దక్కేది. తప్పని తెలిసీ అలా పంపడం ఆవిడ వల్ల కాలేదు. మీరైతే ఏది పంపేవారు?