ఖాజా అడిగిన ప్రశ్న

ఇన్నేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. "లేదు" అన్న మాట. మూఢనమ్మకాల మీద వందల పేజీలు రాసిన ఈ చేయి, దాని గురించి ఒక్క వాక్యం రాయలేకపోయింది. ఇవాళ రాస్తోంది. మీరెవరైనా సరే, చివరిదాకా వినండి.

తొంభైల చివర, గుత్తిలో ఒక అద్దె గదిలో ఆదివారం ఆదివారం హేతువాద చర్చలు నడిపేవాణ్ణి. నలుగురినీ రప్పించడానికి అక్కడ ఒక అద్దాల తొట్టి పెట్టాను. అందులో ఏడు రంగు చేపలు. అమ్మింది బజారులో చిన్న అంగడి పెట్టుకున్న ఖాజా. "కొళాయి నీళ్లు ఒకరోజు పట్టి పెట్టల్లన్నా. మందు వాసన పోయినాకే పొయ్యల్ల. అదీ కొంచెం కొంచెం," అని చెప్పి మరీ ఇచ్చాడు.

మాకు నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చేది. ఆ రోజు ప్రతి ఇంట్లో ఒకటే పని. పాత నీళ్లు గిన్నెలకీ బట్టలకీ వాడేసి, బిందెలు తోమి, కొత్త నీళ్లు నింపుకోవడం. నిలవ నీళ్లంటే మాకు చులకన. ఆ శనివారం పొద్దున నేను తొట్టిని కూడా బిందెలాగే చూశాను. నీళ్లన్నీ తోడేసి, బ్లీచింగ్ వాసన గుప్పుమంటున్న కొత్త నీళ్లు నిండా పోశాను. ఖాజా మాట గుర్తు లేదా? గుర్తుంది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు చేపలమ్మేవాడు చెప్పేదేమిటి అనుకున్నాను.

సాయంత్రానికి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. మర్నాటికి నాలుగు చచ్చిపోయాయి.

ఆ ఆదివారం చర్చ దిష్టి మీదే. గది యజమాని సుంకమ్మ గుమ్మంలో నిలబడి తొట్టి వైపు చూసింది.

"యా కండ్లు పడినాయో ఏమో. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారెయ్ నాయనా."

"చేపలకు ఉప్పూ మిరపకాయలా? అది దిష్టి తియ్యడం కాదు సుంకమ్మా, పులుసు చెయ్యడం!"

గది గొల్లుమంది. ఆ నవ్వు నా తలకెక్కింది. దిష్టీ లేదు, గిష్టీ లేదు, ఇవి అంగట్లోనే రోగం అంటుకుని వచ్చిన చేపలు అని గొంతెత్తి తేల్చేశాను.

ఆ రోజు చర్చ వినడానికి వచ్చిన ఖాజా వెనక బెంచీ మీంచి లేచాడు.

"నీళ్లేమన్నా మార్చినావా అన్నా?"

"లేదు."

"నిజం చెప్పన్నా."

"లేదంటినే!"

చప్పట్లు మోగాయి. అతను కూర్చోలేదు. బయటికి వెళ్లిపోయాడు.

రోగం చేపల అంగడి అన్న పేరు ఊరంతా పాకింది. మూడు నెలలకు ఖాజా ఖాళీ తొట్లు ఆటోలో వేసుకుని ఊరు విడిచాడు. ఎక్కడికని నేను అడగలేదు.

సుంకమ్మ ఏ మనిషినీ వేలెత్తి చూపలేదు. చూపింది నేను. ఆధారం లేక కాదు, ఆ నీళ్లు పోసిన నా చేతిలోని బకెట్టే ఆధారమని తెలిసీ చూపాను. దిష్టిని నమ్మేవాళ్లను నిలదీయడానికి నాకు ఆనాడు ఏం అర్హత ఉంది?

అయినా తల వంచుకుని రాయడం లేదు. ఆనాడు చప్పట్లు కొట్టించుకుంది నా పొగరు. ఇవాళ గెలుస్తున్నది హేతువు, నా మీదే గెలుస్తోంది, ఆ ఓటమి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను! క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ ఆదివారం అదే గదిలో, ఆ వెనక బెంచీ ఎదుట నిలబడి, ఈ కాగితం గొంతెత్తి చదువుతాను.

మార్చినా ఖాజా. అన్నీ నేనే మార్చినా.