ఒప్పందంలో లేని మనిషి

1945 వేసవి చివరలో, విజయనగరంలో బి.ఏ. ముగిసిన కొద్ది కాలానికే, నన్ను శ్రీకాకుళంలోని ప్రభుత్వ యుద్ధ ప్రచార కార్యాలయంలో వార్తల అనువాదకురాలిగా నియమించారు. హోదాలో గుమాస్తాకు ఒక మెట్టు పైన, ప్రచారాధికారికి చాలా కింద. యుద్ధం అయిపోయాక ఆ కార్యాలయం ఎత్తేశారు, నాకు పెళ్ళయింది, ఇప్పుడు చంటిబిడ్డ తల్లిని. ఆ ఉద్యోగంలో ఏం చేసేదానివని ఇప్పటికీ అడుగుతుంటారు. పిల్లాడు పడుకున్న వేళల్లో ఇది రాస్తున్నాను.

మోటారు బ్యాటరీతో నడిచే రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినడం, షార్ట్‌హ్యాండు పొట్టిరాతలో ఎక్కించుకోవడం, తెలుగు చేసి అధికారి సంతకం తీసుకోవడం, ఆపైన వసారాలోని నల్లబల్ల మీద రాసి చదువురాని వాళ్ళకు చదివి వినిపించడం నా పని. వార్తలను మూడు రకాలుగా విడదీయాలి. జరిగినది తెల్లసుద్దతో రాస్తాం. ఎవరైనా ప్రతిపాదించినది, అవతలివారు ఇంకా ఒప్పుకోనిది పసుపుసుద్దతో. వినికిడి మాత్రం గది దాటకూడదు. బల్ల మీద లేనిదాన్ని గురించి ఎవరు అడిగినా “వార్తలో లేదు” అని మాత్రమే జవాబివ్వాలి. అంతకు మించి ఊహ చెప్పకూడదని నియమం.

నేను అప్పన్న శెట్టిగారింట్లో అద్దెకుండేదాన్ని. ముందు బెల్లం, చింతపండు దుకాణం, వెనక ఇల్లు, పక్కగా నా గది. ఆయన ఒక్కగానొక్క కొడుకు కూర్మారావు రంగూన్‌లో కొట్టు నడిపేవాడు. ఊళ్ళో అందరూ రంగం అనే అంటారు. అక్కడ జపానువాళ్ళ బాంబులు పడ్డప్పుడు వేలమంది నడిచి వచ్చారు గాని అతను రాలేదు. సయాం వైపు పోతుండగా చూశానని ఒకాయన చెప్పిందే చివరి కబురు. ఆ వేసవికి రంగం మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కొందరికి ఉత్తరాలు వచ్చాయి. ఈ ఇంటికి రాలేదు.

దీపాలు పెట్టే వేళకు శెట్టిగారు దుకాణం గడపలో నిలబడి వీధి అవతలికి చూసేవారు. అక్కడ కొడుకు నిలబడతాడని ఆయన చెప్పేవారు.

“లోనికి రారా నాయినా అంటే రాడు. దాహమంటాడు, అంతే,” అని నాతో అన్నారొకసారి, సరుకు ధర చెప్పినంత మామూలుగా.

ఆయన భార్య నరసమ్మగారు రోజూ ఒక చెంబు నీళ్ళు అరుగు చివర పెట్టేది. తెల్లారి చూస్తే నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. చచ్చి కర్మ జరగని మనిషి నీళ్ళు అడగగలడు గాని తాగలేడని వాళ్ళ నమ్మకం. ఆ అరుగు దాటి నా గదిలోకి వెళ్ళాలి. చెంబు వైపు చూడకుండా దాటడం నాకు ఏనాడూ సాధ్యపడలేదు. ఒక సాయంత్రం గాలి లేదు, చెట్టాకు కదలడం లేదు, నీళ్ళు మాత్రం వణుకుతున్నాయి. బండి ఏదో పోయి ఉంటుందనుకున్నాను. వీధిలో బండి లేదు.

శవం దొరకనప్పుడు మోదుగకాడలతో, దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసే ఆచారం ఉంది. శ్రీకూర్మంలో అది జరిపించేయాలని శెట్టిగారి పట్టుదల. అది జరిగితే కోడలు సుందరమ్మ గాజులు తీసేయాలి. ఇరవై ఏళ్ళు దాటాయో లేదో ఆ పిల్లకు.

“రంగం మనోల సేతికొచ్చి ఎన్నాళ్ళయినాది? ఉంటే రాడా?” అనేవారు మామగారు.

“రంగం అవతల ఇంకా జపానోడే ఉన్నాడు మావా. ఆడు పోనీ, అప్పుడు సూడు,” అనేది కోడలు.

చివరికి యుద్ధం అయ్యేదాకా ఆగడానికి ఆయన ఒప్పుకున్నారు. ఇంట్లో కుదిరిన ఒప్పందం అది.

ఆగస్టులో జపాను శాంతి ప్రతిపాదన పంపింది. లొంగిపోతాం, మా చక్రవర్తి పీఠం మాత్రం ఉంచండి అన్నది దాని సారాంశం. పసుపుసుద్దతో రాశాను. వసారా నిండిపోయింది.

“ఓడినవాడు షరతు పెట్టడమేమిటండీ?” అన్నారు ప్లీడరుగారు. “ఆ రాజును ఉంచితే ఇంకో ఇరవై ఏళ్ళకు మళ్ళీ ఇదే యుద్ధం. షరతులేవీ వద్దు, లొంగుబాటే కావాలి.”

గోనెసంచుల వ్యాపారి ఒకాయన నవ్వాడు. “ప్లీడరు బాబూ, రాజుని దించీస్తే ఆ అడవుల్లో ఉన్న పటాలానికి తుపాకీ దించమని సెప్పేదెవుడు? తమరెల్తారా, నల్లకోటేసుకుని?”

జనం గొల్లున నవ్వారు. ప్లీడరుగారు తగ్గలేదు. దారుణాలు చేయించినవాడితో బేరం కుదుర్చుకుంటే రేపు ఎవడికి భయముంటుందని అడిగారు. బేరం ఆలస్యమైన కొద్దీ చచ్చేవాళ్ళ లెక్క ఎవరు చెబుతారని వ్యాపారి అడిగాడు. రెండూ న్యాయమే అనిపించింది నాకు. అభిప్రాయం చెప్పడం నా ఉద్యోగంలో లేదు.

శెట్టిగారు స్తంభాన్ని ఆనుకుని అంతా విన్నారు. “ఎక్కడో ఆ రాజు పీట కాడ మా ఇంటి సంగతి ఆగిపోనాది,” అన్నారు, ఎవరితోనూ కాకుండా.

జవాబు కోసం చూసిన ఆ రోజుల్లో సుందరమ్మ మధ్యాహ్నాలు వచ్చి రేడియోగది కిటికీ దగ్గర నిలబడేది. స్టేషను కుదరక ముందు వచ్చే హోరుకు చెవి ఒగ్గేది.

“అమ్మా, ఆ గొణుగుడులో మనుషులు అరుస్తన్నారు గదా. అది రాసుకోరేటి మీరు?”

అది గాలిలో విద్యుత్తు చేసే చప్పుడని చెప్పాను.

“అన్నీ ఒక్క గొంతులా నేవు,” అంది. ఆ తర్వాత నాకూ ఆ హోరు ఎక్కువసేపు వినబుద్ధి కాలేదు. ముల్లు త్వరగా తిప్పేసేదాన్ని.

చక్రవర్తి ఉండవచ్చు గాని విజేతల సేనాని ఆజ్ఞకు లోబడాలని జవాబు వెళ్ళింది. జపాను ఒప్పుకుంది. తెల్లసుద్ద తీశాను. వీధుల్లో తారాజువ్వలు వేశారు. శెట్టిగారు మాత్రం బల్ల ముందు నిలబడి, ఒప్పందంలో మనుషుల మాట ఏముందో చదవమన్నారు. యుద్ధఖైదీలను, నిర్బంధించిన పౌరులను క్షేమమైన చోటికి చేరుస్తారని ఉంది. చదివాను.

“ఆడు తుపాకీ పట్టినోడు కాడు. జైల్లో ఉన్నాడని కబురూ నేదు. ఒట్టి కొట్టు నడుపుకున్నోడు. అలాటోడి మాటేటున్నాది?”

“వార్తలో లేదండీ.”

“నేదు గదా?”

“వార్తలో లేదు,” అని మళ్ళీ చెప్పాను. నియమం ప్రకారం అది సరైన జవాబే.

ఆయన ఇంటికి వెళ్ళి, కాగితంలో మనవాడు లేడని చెప్పారు. సుందరమ్మ గొంతు నా గదిలోకి వినిపించింది.

“రాజులు రాసుకున్న కాయితంలో ఈ ఇంటి మనిషి పేరెందుకుంటాది మావా?”

“యుద్ధమయ్యేదాకా అన్నావు. అయిపోనాది. మాట మాటే.”

నరసమ్మగారు తోడు రమ్మంటే నేనూ శ్రీకూర్మం వెళ్ళాను. ఎముకలకు బదులు మోదుగకాడలు, తలకు కొబ్బరికాయ. ఆ బొమ్మకు కూర్మారావు పంచె, చొక్కా తొడిగారు. భుజాలు నిలవడానికి చొక్కాలో దర్భలు కుక్కారు. పడుకోబెట్టినప్పుడు లోపల గడ్డి సర్దుకుని ఒక చెయ్యి నెమ్మదిగా పక్కకు జారింది. ఆడవాళ్ళంతా వెనక్కి జరిగారు. సుందరమ్మ ఒక్కతే వంగి చూసింది.

“ఇది ఆయన కాదు. ఆయనకి ఎడం భుజం దిగి ఉంటాది,” అంది.

అయినా నిప్పు పెట్టారు. ఆమె గాజులు తీశారు. ఆ సాయంత్రం నుంచి శెట్టిగారికి వీధి అవతల ఎవరూ కనిపించలేదు, అరుగు మీద చెంబు పెట్టడం మానేశారు. ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టే ఉండేది, తెల్లచీరలో సుందరమ్మ ఎదురుపడనంత వరకు.

ఆ చలికాలంలో కార్యాలయం మూసేయమని ఉత్తర్వులు వచ్చాయి. ఒకరోజు దీపాలు పెట్టే వేళకు నేను గదికి చేరేసరికి, వీధి అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, భుజాన గుడ్డసంచి. మెల్లగా దాటి అరుగు దాకా వచ్చాడు.

“అమ్మా, దాహం.”

నరసమ్మగారు కేక పెట్టింది. శెట్టిగారు ధడాలున తలుపు వేశారు.

“పిండాలెట్టీసినాం గదరా! ఇంకా ఏటి కావాలిరా నీకు?”

“పిండాలేటి నాన్నా? నాను, కూర్మారావుని!”

“ఓలమ్మో, అదే అంటాడు!” అని లోపలి నుంచి తల్లి ఏడుపు.

నేను గది గుమ్మంలోనే ఉండిపోయాను. అతను అరుగు మీద కూలబడి, ఆ తలుపు వంకే చూస్తున్నాడు. అప్పుడు సుందరమ్మ పెరటి దారిన నా గదిలోకి వచ్చి, నన్ను పక్కకు జరిపి, చెంబుతో అరుగు మీదికి వెళ్ళింది. అతను ఆమె బట్టలు చూశాడు. చెంబు ఎత్తి గటగటా తాగాడు. ఆమె చెంబు తీసుకుని బోర్లించింది. చుక్క రాలలేదు.

“మావా, తలుపు తియ్యి. తాగీసినాడు. సెంబు కాళీ.”

చాలాసేపటికి ఒక రెక్క తెరుచుకుంది. శెట్టిగారు తన చేతులతో ఇంకో చెంబు తెచ్చి, తన కళ్ళ ముందు తాగమన్నారు. తల్లి అన్నిటికంటే చివర వచ్చి ఎడం భుజం తడిమింది.

ఇంట్లోకి మాత్రం అతను వెంటనే రాలేకపోయాడు. శాస్త్రం ప్రకారం చచ్చిన మనిషి. పురోహితుడు వచ్చేదాకా అరుగు మీదే ఉన్నాడు. తర్వాత ఒంటికి నెయ్యి పట్టించి, అప్పుడే పుట్టిన బిడ్డకు చేసినట్టు జాతకర్మ చేశారు, పేరు మళ్ళీ పెట్టారు, సుందరమ్మతో మళ్ళీ పెళ్ళి చేశారు. సయాంలో రైలు దారి వేసే కూలీల్లోకి పట్టుకుపోయారట. ఏ జాబితాలోనూ పేరు ఎక్కని మనుషులట వాళ్ళు. వాళ్ళలో ఎందరు పోయారో తనకు తెలియదన్నాడు.

కన్నతల్లి కొడుకు గొంతు విని తలుపు తీయకపోవడం అప్పుడు నాకు వింతగా తోచింది. నాకు బిడ్డ పుట్టాక అంత వింతగా తోచడం లేదు. తీస్తే ఎదురుగా ఉండేది వాడు కాకపోవచ్చునన్న భయం ఏమిటో ఇప్పుడు తెలుసు.

కార్యాలయం మూసేలోగా మిగిలిన కొద్ది వారాలు నేను ప్రతి వార్త కింద ఇంకో వరుస రాశాను. ఫలానా సంగతి ఈ వార్తను బట్టి తెలియదు అని. అలాంటి వరుసకు నియమాల్లో చోటు లేదని అధికారి మొదట అడ్డు చెప్పారు, తర్వాత సంతకం పెట్టారు. శాంతి ఒప్పందం దానిలో రాసిన వాళ్ళ గురించే చెబుతుంది. రాయని వాళ్ళు ఉన్నారనీ చెప్పదు, పోయారనీ చెప్పదు. గుమ్మంలో నిలబడి అడిగే మనిషికి రాయనివాళ్ళ సంగతి తెలియదన్న ముక్క కూడా విప్పి చెప్పడం అనువాదకుడి పనిలో భాగమేనని నేను నేర్చుకున్నాను.